పొలం అమ్మి వాషింగ్టన్ వెళ్ళాలా?

ప్రశ్న: నా వయసు 25. మాది తెనాలి దగ్గర పల్లె. బీటెక్ (ఈసీఈ) చేసి, మూడేళ్ళుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు చేతికి 72 వేలు వస్తాయి. 6 లక్షలు దాచుకున్నాను. కాలేజీ రోజుల నుంచి విదేశాంగ వ్యవహారాలంటే పిచ్చి. దౌత్యవేత్త కావాలని, లేదంటే ఐక్యరాజ్యసమితిలో పనిచేయాలని కోరిక. వాషింగ్టన్‌లో పేరున్న ఒక యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాల ఎంఏకి సీటు వచ్చింది, రెండేళ్ళ కోర్సు. వాళ్ళిచ్చే స్కాలర్‌షిప్ పోగా ఫీజూ ఖర్చులూ కలిపి ఇంకా 1,10,000 డాలర్లు కావాలి. లండన్‌లో ఏడాది కోర్సుకు కూడా సీటు వచ్చింది, అక్కడ మొత్తం 55 లక్షల దాకా అవుతుంది. నాన్నకు మూడెకరాల మాగాణి ఉంది. "కాగితాలు బ్యాంకులో పెడదాం, నువ్వు వెళ్ళమ్మా" అంటున్నారు. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. అమెరికా వాళ్ళకు ఏప్రిల్ 15లోగా జవాబివ్వాలి. ఏది ఎంచుకోవాలి? డబ్బు ఎలా సర్దుకోవాలి? ఇంకో చిన్న సందేహం: ఏదైనా భాష నేర్చుకోమంటున్నారు, ఫ్రెంచా, చైనీసా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు పొలం సంగతి తేల్చుకుందాం. మీ ఇంట్లో లెక్కంతా దాని మీదే నడుస్తున్నట్టుంది. విద్యారుణానికి బ్యాంకులు తాకట్టు అడిగేది ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్‌ఐసీ పాలసీ లాంటివి. సాగుభూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు. అప్పు తీర్చకపోతే కోర్టు మెట్లెక్కకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చింది 2002 నాటి సర్ఫేసీ చట్టం. ఆ చట్టమే వ్యవసాయ భూమిని మినహాయించింది. అందుకని పంట రుణానికి పనికొచ్చే పట్టాదారు పాస్‌పుస్తకం విదేశీ చదువు దగ్గరకొచ్చేసరికి చెల్లదు. ఈ మాట మీకు కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పి ఉండరు. బ్యాంకు మేనేజర్ కూడా రెండు మూడుసార్లు తిప్పించుకున్నాక గానీ చెప్పడు.

కాబట్టి మీ నాన్నగారి మాట అమల్లోకి వస్తే రెండే దారులు. పొలం అమ్మడం, లేదా ఊళ్ళో ప్రామిసరీ నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవడం. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ వడ్డీకి తెచ్చిన డబ్బుతో చదివి, జీతంతో తీర్చగలిగే మాస్టర్స్ డిగ్రీ ప్రపంచంలో ఎక్కడా లేదని నా అభిప్రాయం.

పోనీ తాకట్టు అడగని ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ వాళ్ళు మీతోపాటు సంతకం పెట్టే మనిషి ఆదాయం చూస్తారు, ఐటీ రిటర్నులు అడుగుతారు. వ్యవసాయం చేసే తండ్రి దగ్గర అవి సాధారణంగా ఉండవు. సంతకందారు లేకుండా ఇచ్చే విదేశీ సంస్థలు ఒకటి రెండు ఉన్నా, అప్పు డాలర్లలో ఉంటుంది. మీరు తిరిగొచ్చి రూపాయల్లో సంపాదిస్తే, రూపాయి పడిన ప్రతిసారీ బాకీ పెరుగుతుంది.

అయినా సరే, ఎవరో ఒకరు ఇచ్చారనే అనుకుని లెక్క వేద్దాం. డాలరు 90 రూపాయల చొప్పున 1,10,000 డాలర్లంటే 99 లక్షలు. అందులో 75 లక్షలు 11 శాతం వడ్డీకి తెచ్చారనుకోండి. సెమిస్టరుకు ఇంత చొప్పున నాలుగు విడతల్లో తీసుకున్నా, చదువు అయ్యి ఇంకో ఆరు నెలలు గడిచేసరికి వడ్డీ మరో 14 లక్షలు దాటుతుంది. దాదాపు 90 లక్షలు పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 1.24 లక్షలు కట్టాలి. ఇప్పుడు మీ చేతికొచ్చేది 72 వేలు. మిగతా 24 లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయన్నది ఈ లెక్కలో చేర్చనే లేదు.

"మా క్లాస్‌మేట్లు ఇంతకన్నా ఎక్కువ అప్పుతో ఎంఎస్‌కి వెళ్ళారు" అని మీ మనసులో ఉండవచ్చు. వాళ్ళ లెక్క వేరు. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేసినవాళ్ళకు అక్కడ ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) కింద ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పొడిగింపు కింద ఇంకో రెండేళ్ళు, మొత్తం మూడేళ్ళు పనిచేసే వీలుంటుంది. ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాల) డిగ్రీల్లో చాలావాటికి స్టెమ్ గుర్తింపు ఉండదు. మీకు దొరికేది 12 నెలలే. ఆ ఏడాదిలో ఉద్యోగం దొరకాలి, ఆ యజమాని మీ కోసం హెచ్1బీకి దరఖాస్తు చేయాలి, లాటరీ తగలాలి. అమెరికా బయట ఉన్నవాళ్ళకు వేసే కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాక, ఒకసారి ఇంటికొస్తే తిరిగి వెళ్ళే దారి కూడా ఇరుకైంది. చిన్న చిన్న పరిశోధన సంస్థలు ఇంత తతంగం పెట్టుకోవు.

ఇక అసలు విషయం. ఐఆర్ చదువుకు ఉద్యోగమిచ్చే వాళ్ళలో అందరికన్నా పెద్దది ప్రభుత్వం. ప్రభుత్వం తన పౌరులకే ఇస్తుంది. ఇంజనీరింగ్‌కి, మెడిసిన్‌కి, మేనేజ్‌మెంట్‌కి లేని ఇబ్బంది ఇది. అమెరికాలో ఐఆర్ చెప్పే స్కూళ్ళు పుట్టిన తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. జార్జ్‌టౌన్‌లో స్కూల్ ఆఫ్ ఫారిన్ సర్వీస్ 1919లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, అమెరికాకు తన వ్యాపారాన్నీ దౌత్యాన్నీ నడిపే మనుషులు కావలసివచ్చిన సమయం అది. జాన్స్ హాప్కిన్స్ వారి సాయిస్ 1943లో, రెండో యుద్ధం నడుస్తుండగానే, యుద్ధం తర్వాతి ప్రపంచానికి అమెరికన్లను తయారుచేయడానికి వచ్చింది. కొలంబియాలో సీపా 1946లో. మనమూ అదే పని చేశాం. 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలైంది. అదే 1970లో జేఎన్‌యూలో కలిసి ఇప్పటి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది.

మీకు సీటిచ్చిన స్కూలు బ్రోషరులో "మా విద్యార్థుల్లో ఇంత శాతం ప్రభుత్వ రంగంలో" అని ఒక బొమ్మ ఉంటుంది, చూడండి. అందులో పెద్ద ముక్క అమెరికా విదేశాంగ శాఖ, రక్షణ శాఖ, నిఘా సంస్థలు, వాటికి కాంట్రాక్టు పనులు చేసిపెట్టే కంపెనీలు. సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య పత్రాలు చూసే అనుమతి) అడిగే ఆ ఉద్యోగాలకు భారతీయ పాస్‌పోర్టుతో దరఖాస్తు కూడా చేయలేరు. విదేశీయులకు కొంత చోటున్న అభివృద్ధి సహాయ రంగం 2025లో కుప్పకూలింది. అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను ఆ జులై 1న విదేశాంగ శాఖలో కలిపేసి మూసేశారు. పది రోజులకే విదేశాంగ శాఖ 1,300 మందికి పైగా సిబ్బందిని తీసేసింది. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న అమెరికన్లే ఇప్పుడు వాషింగ్టన్‌లో అవే ఉద్యోగాలకు వరుసలో ఉన్నారు. అంత అప్పు నెత్తిన పెట్టుకుని ఆ వరుస చివర నిలబడమని మీకు నేను చెప్పలేను.

వాషింగ్టన్‌లో మినహాయింపులు లేకపోలేదు. ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ మన పాస్‌పోర్టును పట్టించుకోవు, తమ ఉద్యోగులను హెచ్1బీతో సంబంధం లేని జీ-4 వీసా మీద తీసుకుంటాయి. కానీ వాళ్ళకు కావలసింది ప్రధానంగా అర్థశాస్త్రం, గణాంకాలు వచ్చినవాళ్ళు. ప్రపంచ బ్యాంకులో కొత్తవాళ్ళకు మొదట దొరికేది ఎక్కువగా స్వల్పకాలిక కన్సల్టెంట్ పని, అందులో ఏడాదికి 150 రోజులకు మించి పనిచేయనివ్వరు. మీ కోర్సులో ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో చేసే ఆర్థిక విశ్లేషణ) గట్టిగా ఉంటే ఈ దారి ఆలోచించవచ్చు. దౌత్య చరిత్ర, భద్రతా అధ్యయనాలే ఎక్కువైతే ఆ తలుపు మీకు తెరుచుకోవడం కష్టం.

ఐక్యరాజ్యసమితి మాట. బయటి నుంచి చూస్తే అదొక పెద్ద ఉద్యోగాల గని. లోపలికి వెళ్ళే ద్వారాలు మాత్రం చాలా చిన్నవి. యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ అనే పరీక్ష ఉంది, వయసు 32 దాటకూడదు, ఏ ఏడాదికి ఆ ఏడాది ఎంపికైన దేశాల వాళ్ళకే అవకాశం. జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ పదవులకు జీతమిచ్చేది దాతలైన దేశాలు. అవి ఎక్కువగా తమ పౌరులనే పంపుకుంటాయి. న్యూయార్క్ సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు, మాన్‌హటన్‌లో గది అద్దె మీరే కట్టుకోవాలి. పైగా 2025 నుంచి నిధులు చాలక ఐరాసే ఉద్యోగాలు తగ్గించుకుంటోంది. ఐరాసలో చేరాలనుకునేవాళ్ళు మొదట ఏదో ఒక పనిలో నిపుణులు కావాలి. నీళ్ళు, గణాంకాలు, ప్రజారోగ్యం, సైబర్ భద్రత, ఏదైనా సరే. అయిదారేళ్ళ అనుభవంతో ఆ నిపుణులుగా లోపలికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

దౌత్యవేత్త కావాలన్న మీ మొదటి కోరికకు వద్దాం. ఇండియన్ ఫారిన్ సర్వీస్ (ఐఎఫ్ఎస్)కు దారి యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష. ఏ డిగ్రీ అయినా చాలు, మీ బీటెక్ చాలు. విదేశీ ఎంఏకి అందులో ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. మొత్తం 2,025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275. అక్కడ మీ చదువు గురించి నాలుగు మంచి ప్రశ్నలు పడతాయేమో, అంతే. అదే పరీక్షలో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు అనే ఆప్షనల్‌కు 500 మార్కులున్నాయి. జనరల్ కేటగిరీలో 32 ఏళ్ళ దాకా, ఆరుసార్లు రాయవచ్చు. 25 ఏళ్ళ మనిషికి ఇది ఆలస్యమేమీ కాదు. అయితే ఐఎఫ్ఎస్‌లోకి ఏడాదికి తీసుకునేది కొన్ని పదుల మందినే. అందుకని ఉద్యోగం మానేసి కోచింగ్ సెంటర్లున్న అశోక్‌నగర్‌లో గది తీసుకోమని కూడా చెప్పను. ఒక డిగ్రీ చదువుతూ రాయడం మేలు. ఆ డిగ్రీ ఖర్చు మిమ్మల్ని కట్టిపడేయకూడదు.

ఇంత దూరం వచ్చాక జేఎన్‌యూ పేరు మీ ఉత్తరంలో ఎందుకు లేదా అని నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇప్పటి విదేశాంగ మంత్రి జైశంకర్ ఎంఫిల్, పీహెచ్‌డీ చేసింది అక్కడే. అక్కడి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌లో ఎంఏకి సీయూఈటీ-పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. బీటెక్ వాళ్ళూ అర్హులే. ఏడాది ట్యూషన్ ఫీజు వందల్లోనే ఉంటుంది. హాస్టలు, మెస్సు కలిపినా మీ ఆరు లక్షల్లో రెండేళ్ళు గడిచి ఇంకా మిగులుతాయి. హాస్టలు గది వెంటనే దొరకదు, రాజకీయాల గోల ఉంటుంది, కొన్ని క్లాసులు పాత నోట్సుతోనే నడుస్తాయి. అయినా లైబ్రరీ, పక్కనే ఢిల్లీలోని పరిశోధన సంస్థలు, రాయబార కార్యాలయాల సదస్సులు, అన్నిటికన్నా మించి ఈ రంగంలోకి వెళ్ళబోయే మీ తరం మనుషులు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. జామియా మిలియా, కోల్‌కతాలో జాదవ్‌పూర్, పాండిచ్చేరి, సార్క్ దేశాలు కలిసి ఢిల్లీలో పెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీ కూడా చూడండి. హైదరాబాద్ వదలలేకపోతే సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం ఎంఏ ఉంది. నగరంలోనే కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీ కూడా ఉంది. ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధిగా చేసిన మన హైదరాబాదీ సయ్యద్ అక్బరుద్దీన్ దానికి డీన్‌గా పనిచేశారు. కాకపోతే అది ప్రైవేటు, ఫీజు లక్షల్లో. జిందాల్, సింబయాసిస్, మణిపాల్ లాంటి వాటికీ అదే మాట. బోధన బాగుండవచ్చు, కానీ పది పన్నెండు లక్షలు పెట్టేముందు ఈ ఉత్తరంలో తర్వాత చెప్పబోయే ప్రశ్నలు వాళ్ళనీ అడగండి. దేశంలోని ఎంపిక చేసిన సంస్థల్లో చేరితే పీఎం విద్యాలక్ష్మి కింద తాకట్టూ, పూచీకత్తూ లేకుండా అప్పు దొరుకుతుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది.

లండన్ గురించి క్లుప్తంగా. ఏడాదిలో అయిపోతుంది, ఖర్చు దాదాపు సగం, ఆ మేరకు వాషింగ్టన్ కన్నా నయం. కానీ ఏడాది కోర్సంటే అక్టోబరులో మొదలై మే నాటికి క్లాసులు అయిపోతాయి. ఇంజనీరింగ్ నుంచి వచ్చిన మనిషి ఈ సబ్జెక్టులో ఊపిరి పీల్చుకునేలోపే థీసిస్ రాయాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునేందుకు ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాను రెండేళ్ళ నుంచి 18 నెలలకు కుదిస్తున్నారు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు అది వర్తిస్తుంది. ఈ ఏడాది చేరితే మీకు దొరికేది ఆ 18 నెలలే. సొంత డబ్బుతో వద్దు. ఎవరైనా డబ్బిస్తే లండన్ మంచిదే.

ఇచ్చేవాళ్ళున్నారు. మూడేళ్ళ ఉద్యోగం వల్ల మీకొక బలం ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేదు. బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ళ, అంటే 2,800 గంటల, పని అనుభవం కావాలి. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళకు అది దొరకదు, మీకు అర్హత ఉంది. ఫీజు, నెల ఖర్చులు, విమానం టికెట్టు అన్నీ వాళ్ళవే. చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న షరతు ఉంది. ఐఎఫ్ఎస్ కోరుకునే మీకు అది షరతే కాదు. ఆగస్టులో మొదలై అక్టోబరు మొదట్లో దరఖాస్తులు ముగుస్తాయి. యూరప్ వాళ్ళ ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్‌లో స్కాలర్‌షిప్ దొరికితే ఫీజు లేదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. రెండు మూడు దేశాల్లో చదువు. భద్రతా అధ్యయనాలు, గ్లోబల్ స్టడీస్ లాంటి కోర్సులు మీ కోరికకు దగ్గరవి. వీటికి దరఖాస్తులు అక్టోబరు నుంచి జనవరి మధ్యలో. అమెరికాలో చదువుకు ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ళ అనుభవం కావాలి, అది చదవబోయే సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. పైగా ఆ స్కాలర్‌షిప్ కొన్ని నిర్ణీత సబ్జెక్టులకే ఇస్తారు, జాబితా చూసుకుని ప్రయత్నించండి. అమెరికాలోనే ప్రిన్స్‌టన్ ఎంపీఏ (పబ్లిక్ అఫైర్స్ మాస్టర్స్) లాంటి చోట చేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమందికి పూర్తి ట్యూషన్ వాళ్ళే భరిస్తారు. సీటు రావడమే గగనం, కానీ దరఖాస్తు రుసుము కన్నా పోయేదేం లేదు.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివాళ్ళ నుంచి సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. వీసాకు ఏడాది ఖర్చుల కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో (నెలకు ఇంతని మాత్రమే తీయగలిగే ఖాతాలో) చూపించాలి, మన డిగ్రీ పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మీకు అక్కడ చిక్కు వేరే ఉంది. జర్మన్లు డిగ్రీలో సాంఘిక శాస్త్రాల క్రెడిట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఈసీఈ మార్కుల జాబితా పంపితే చాలాచోట్ల తిప్పి పంపేస్తారు. దరఖాస్తుకు ముందే ఆ కోర్సు వాళ్ళకు మెయిల్ రాసి అడగండి.

జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి విదేశీ చదువులకు రుణ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. కె.సి. మహీంద్రా ట్రస్టు వడ్డీ లేని రుణమిస్తుంది, ఇన్లాక్స్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. కె.ఆర్. నారాయణన్ కేరళలో నిరుపేద దళిత కుటుంబం నుంచి వచ్చి, టాటాల స్కాలర్‌షిప్‌తో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివారు. తిరిగొచ్చి 1949లో ఫారిన్ సర్వీస్‌లో చేరారు, ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

మీ సామాజిక వర్గం, కుటుంబ ఆదాయం మీరు రాయలేదు. ఎస్సీ అయితే కేంద్రం వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చేసే చదువులకు దాన్ని 2022లో ఆపేశారు గనక, ఏ అంశం రాస్తున్నారో జాగ్రత్త. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న పథకం 20 లక్షల దాకా ఇస్తాయి. కానీ మీరు హైదరాబాద్‌లో ఉంటున్నా ఆంధ్రా వాసులు, మీకవి రావు. ఆంధ్రప్రదేశ్ పథకం పేరూ నిబంధనలూ ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి. కలెక్టరేటులో సంక్షేమ శాఖను అడిగి ఈ ఏడాది జీవో చూడండి, పాత యూట్యూబ్ వీడియోలు నమ్మకండి.

కోర్సు ఎంచుకునేటప్పుడు ర్యాంకుల పట్టికను పక్కన పెట్టండి. అడ్మిషన్స్ ఆఫీసుకు ఒకే ప్రశ్న రాయండి: గత మూడేళ్ళలో మీ దగ్గర చదివిన భారతీయ పాస్‌పోర్టుదారులు చదువు ముగిసిన ఏడాదికి ఎక్కడ, ఏ పని చేస్తున్నారు? "మా పూర్వ విద్యార్థులు 120 దేశాల్లో ఉన్నారు" లాంటి జవాబు వస్తే అది జవాబు కాదు. లింక్డ్‌ఇన్‌లో మీరే వెతికి, అలాంటివాళ్ళు ఓ అయిదారుగురితో మాట్లాడండి. అప్పు ఎంత చేశారు, ఇప్పుడు ఎంత మిగిలింది అని మొహమాటం లేకుండా అడగండి. తెలుగువాళ్ళయితే తప్పకుండా చెబుతారు, అడగనివాటికి కూడా చెబుతారు. తర్వాత సిలబస్ చూడండి. గణాంక పద్ధతులు, అర్థశాస్త్రం తప్పనిసరి పేపర్లుగా ఉన్నాయా? భాష ఉందా? సెమినార్లో ఎంతమంది కూర్చుంటారు? మీరు చదవాలనుకున్న ప్రొఫెసరు ఆ ఏడాది సెలవులో ఉన్నారా? ఈ చివరి ప్రశ్న ఎవరూ అడగరు, అక్కడికి వెళ్ళాక బాధపడతారు.

మీ ఉత్తరం చదివితే, ఇంజనీరింగ్‌ను ఏదో వదిలించుకోవలసిన బరువులా చూస్తున్నారేమో అనిపించింది. నాకది బరువులా కనిపించదు. చిప్‌ల ఎగుమతి ఆంక్షలు, సముద్రం కింది కేబుళ్ళు, 5జీ పరికరాలు ఎవరి దగ్గర కొనాలన్న వివాదం, ఇవన్నీ ఇప్పుడు దౌత్యం. మన విదేశాంగ శాఖే 2020లో కొత్త, వ్యూహాత్మక సాంకేతికతల కోసం నెస్ట్ అనే ప్రత్యేక విభాగం పెట్టుకుంది. ఢిల్లీ పరిశోధన సంస్థల్లో రాజనీతి చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు. సెమీకండక్టర్ ఎలా తయారవుతుందో తెలిసినవాళ్ళు తక్కువ. బెంగళూరు తక్షశిల సంస్థ ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో చదువుకునే పబ్లిక్ పాలసీ కోర్సులు నడుపుతోంది, సాంకేతిక విధానం మీద కూడా. ముందు అలాంటిదొకటి చేయండి. వారాంతాల్లో ఆ చదువు నాలుగు నెలలు నిలబెట్టుకోగలిగితే మీ ఆసక్తి ఎంత గట్టిదో మీకే తెలుస్తుంది. రెండు మూడు వ్యాసాలు అచ్చయితే పైన చెప్పిన స్కాలర్‌షిప్ దరఖాస్తులన్నిటికీ అవే ఆధారమవుతాయి.

ఏప్రిల్ 15లోగా చేయవలసింది ఇది. వాషింగ్టన్ వాళ్ళకు మర్యాదగా ఒక మెయిల్ రాయండి: మీ కోర్సు నాకిష్టం, ఇంత తేడా ఉంది, స్కాలర్‌షిప్ పెంచే వీలుందా? అడగడం తప్పు కాదు, ఆ రోజుల్లో వాళ్ళు ఇలాంటి ఉత్తరాలు ఎదురుచూస్తూనే ఉంటారు. పూర్తి ట్యూషన్ ఇచ్చి, మీరు పెట్టాల్సింది పాతిక లక్షల లోపుకు దిగితే మళ్ళీ కూర్చుని ఆలోచించవచ్చు. అంతకన్నా ఎక్కువైతే వద్దనండి. అడ్మిషన్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేస్తామంటే, స్కాలర్‌షిప్ కూడా వాయిదా పడుతుందా లేక పోతుందా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. సీటు ఉంచి డబ్బు తీసేసే చోట్లు ఉన్నాయి. డిపాజిట్ మాత్రం మొహమాటానికి కట్టకండి, తిరిగి రాదు. కన్సల్టెన్సీ వాళ్ళు "ఇంత మంచి సీటు వదులుకుంటారా" అని ఫోన్లు చేస్తారు. చాలామందికి విద్యార్థి చేరితేనే యూనివర్సిటీ నుంచి కమిషన్ వస్తుంది.

ఈ ఏడాది సీయూఈటీ దరఖాస్తు గడువు దాటిపోయింది. వచ్చేదానికి సాధారణంగా డిసెంబరు, జనవరిల్లో దరఖాస్తులు పిలుస్తారు. అంటే ఆగస్టులో చీవెనింగ్, చలికాలంలో ఎరాస్మస్, దానితోపాటే సీయూఈటీ. ఉద్యోగం మానకుండా ఈ మూడూ చేయవచ్చు. నాన్నగారికి బ్యాంకు నియమం చూపించి చెప్పండి. "నీ డబ్బు నాకొద్దు" అనే కన్నా "బ్యాంకు పొలం తీసుకోదు నాన్నా" అనడం ఆయనకు సులువుగా ఉంటుంది.

భాష విషయం. ఐరాస సచివాలయంలో పని భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచ్. అటువైపే మనసుంటే ఫ్రెంచ్, దానికి హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. ఏడాదిన్నర పట్టుదలగా చదివితే పనికొచ్చే స్థాయికి వస్తుంది. ఐఎఫ్ఎస్‌లో చేరితే ఎలాగూ ఒక విదేశీ భాష కేటాయించి వాళ్ళే నేర్పిస్తారు. పరిశోధన సంస్థల వైపు, అందులోనూ సాంకేతిక విధానం వైపు వెళ్ళాలనుకుంటే నేనైతే చైనీస్ అంటాను. చైనా గురించి మాట్లాడేవాళ్ళు మన దగ్గర బోలెడుమంది, చైనీస్ పత్రం చదివి అర్థం చేసుకునేవాళ్ళు చాలా తక్కువ. కాకపోతే రెండేళ్ళు చదివినా మధ్యస్థాయి దాటదు, ఓపిక కావాలి. తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) పార్ట్‌టైమ్ భాషా కోర్సులకు ప్రకటన ఇచ్చినప్పుడు దరఖాస్తు చేయండి. క్లాసుల వేళలు మీ షిఫ్టుతో కుదరకపోతే ఇప్పుడే మేనేజర్‌తో మాట్లాడి షిఫ్టు మార్పించుకోండి.